అమ్మానాన్నతో మొదటి క్రూజ్: నాలుగు రాత్రులు ఓడలో ఏం చేయాలి?

కొర్లగుంట_కిరణ్
నాన్న రిటైరయ్యారు. చెల్లెలు, నేను కలిసి సింగపూర్ నుంచి మలేసియాలో పెనాంగ్, థాయ్‌లాండ్‌లో ఫుకెట్ వెళ్ళొచ్చే నాలుగు రాత్రుల క్రూజ్ బుక్ చేశాం, నలుగురికీ. బుక్ చేసేదాకా ఎవరూ ఏమీ అనలేదు. ఇప్పుడు నాన్న మొదలుపెట్టారు. "చుట్టూ నీళ్ళు, నడుమ మనం. అన్ని రోజులు ఏం చేస్తాంరా? ఆ డబ్బుతో కాశీ, గయ, ప్రయాగ తిరిగి రావచ్చు గదా" అని. అమ్మ బాధ వేరు. గుడ్డు కూడా తినదు. "అక్కడ కూడు సంగతేంది" అని పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి అడుగుతోంది. వీడియోల్లో చూస్తే అన్నీ స్విమ్మింగ్ పూల్, కేసినో, డాన్సులే. నాన్న పూల్‌లో దిగే మనిషి కాదు, డాన్సు సంగతి అడగొద్దు. ఇట్లాంటి పెద్దవాళ్ళని తీసుకెళ్ళినవాళ్ళు ఉంటే చెప్పండి. మేం తీసుకున్నవి కిటికీ లేని కేబిన్లు, ఇంకా మార్చుకునే వీలుంది.

తోతాపురి
నాన్నగారికి పేకాట వచ్చా? వస్తే బెంగ లేదు. చాలా ఓడల్లో కార్డ్స్ రూమ్ అని విడిగా ఉంటుంది. కేసినో కాదు, డబ్బు పెట్టక్కర్లేదు. మా పెద్దనాయన దాంట్లోంచి బయటికే రాలేదు. ఓడంతా పెద్దమ్మ ఒక్కతే చూసొచ్చింది.

గ్రీమ్స్‌పేట_రాధ
కూడు సంగతి నేను చెప్తా. మా అత్తగారు ఉల్లి, వెల్లుల్లి కూడా ముట్టరు. బుకింగ్‌లో భోజనం రకం రాసే చోటు ఉంటుంది, శాకాహారం, జైన్ అని. అక్కడ రాసినంత మాత్రాన పని అయిపోదు. ఎక్కిన రోజే పెద్ద డైనింగ్ హాల్‌కి వెళ్ళి హెడ్ వెయిటర్‌ని పట్టుకోండి. గుడ్డు వద్దు, చేప వద్దు, సూప్‌లో మాంసం ఉడికించిన నీళ్ళు కూడా వద్దు అని ఒక్కొక్కటీ చెప్పండి. అక్కడి నుంచి వాళ్ళే చూసుకుంటారు. రేపు రాత్రికి ఏం కావాలో ఈ రాత్రే అడిగి రాసుకుంటారు. మా అత్తగారికి అట్లా పప్పు, జీరా అన్నం, పెరుగు విడిగా వచ్చేవి.

సింగపూర్ ఓడల్లో మనవాళ్ళు ఎక్కువ కాబట్టి బఫేలో ఇండియన్ కౌంటర్ ఉంటుంది. కేకుల్లో, పుడ్డింగుల్లో గుడ్డు ఉంటుంది, అడిగి తినమనండి. రుచి మాత్రం అంతా ఉత్తరాది గ్రేవీనే. సాంబారని పెట్టినదాన్ని చూసి అత్తగారు ఏమన్నారో ఇక్కడ రాయలేను.

పీలేరు_పిల్లోడు
రాయక్కా, మోడరేటర్ నిద్రపోతున్నాడు.

మోడరేటర్
లేచే ఉన్నాను.

బైరాగిపట్టెడ_బుజ్జి
రాధక్కా, పచ్చళ్ళు తీసుకుపోవచ్చా? చెనక్కాయల పొడి, గోంగూర, ఊరుబిండి?

పీలేరు_పిల్లోడు
ఊరుబిండి నాలుగో రోజుకి నీకంటే ముందు నడుచుకుంటూ ఓడ దిగుతుంది.

నడిసంద్రం_నాని
ఓడల్లో డైనింగ్ సెక్షన్‌లో పనిచేసినవాణ్ణి. ఇప్పుడు తిరుచానూరు రోడ్డులో సొంత హోటల్. ఇంట్లో వండిన వంట ఏదీ ఎక్కనివ్వరు. కంపెనీ సీల్ ఉన్న పొడులు, బిస్కెట్లు, కారప్పూస లాంటివి మామూలుగా పోనిస్తారు. ఊరుబిండి ఆశ వదులుకో బుజ్జీ. ఓడలోంచి పండ్లు, శాండ్‌విచ్‌లు సంచిలో వేసుకుని ఊళ్ళోకి దిగడం కూడా కుదరదు, ఒడ్డున కస్టమ్స్ వాళ్ళు ఒప్పుకోరు.

ఇంకొన్ని వస్తువులు స్కానింగ్‌లో పట్టుకుంటారు. ఇస్త్రీ పెట్టె, ఎలక్ట్రిక్ కెటిల్, నీళ్ళు కాచుకునే రాడ్, ఎక్స్‌టెన్షన్ బోర్డు, అగరొత్తులు, కొవ్వొత్తులు. నడిసముద్రంలో నిప్పంటుకుంటే ఫైరింజన్ రాదు, మంటలు ఆర్పాల్సింది మేమే. అందుకే అంత కట్టుదిట్టం. అమ్మగారు కేబిన్‌లో దీపం పెట్టుకుంటానంటే ముందే చెప్పి పెట్టండి. బ్యాటరీతో వెలిగే చిన్న బల్బు దీపం తెచ్చుకోవచ్చు.

కొర్లగుంట_కిరణ్
అమ్మ సంచిలో అగరొత్తుల పెట్టె ఆల్రెడీ ఉంది. తీయిస్తా. నాని అన్నా, పొద్దున్నే కాఫీ దొరకదా? ఇద్దరూ అయిదింటికే లేస్తారు.

నడిసంద్రం_నాని
అయిదింటికి బఫే తెరవకపోయినా కాఫీ మిషన్ ఒకచోట నడుస్తూనే ఉంటుంది. ఇన్‌స్టంట్ కాఫీ పొట్లాలు తెచ్చుకుంటే వేడినీళ్ళు, పాలు అక్కడ దొరుకుతాయి. ఒక్క మాట. మన సీసా మూతిని మిషన్ కొళాయికి ఆనించి పట్టొద్దు. కప్పులో పట్టి సీసాలో పోసుకోవాలి. ఓడలో కడుపులో జబ్బు ఒకరికి వస్తే రెండు రోజుల్లో వందమందికి పాకుతుంది. డైనింగ్ వాళ్ళు అట్లా గట్టిగా చెప్పేది అందుకే, విసుక్కుని కాదు.

కాళహస్తి_శాంతి
నర్సుని. నాని చెప్పినదానికి కొంచెం కలుపుతా. ఆ కడుపు జబ్బు తెచ్చే నోరోవైరస్‌కి శానిటైజర్ సరిగా పనిచేయదు. సబ్బూ నీళ్ళతో కడుక్కోవాలి, తినే ముందు ప్రతిసారీ. కొన్ని ఓడల్లో బఫే గుమ్మంలోనే వాష్‌బేసిన్లు పెడుతున్నారు.

ఓడ ఊపు సంగతి. సింగపూర్ నుంచి పెనాంగ్ దాకా మలక్కా జలసంధిలోనే పోతుంది. ఒకవైపు సుమత్రా, ఇంకోవైపు మలయా అడ్డం ఉంటాయి కాబట్టి చాలావరకు నెమ్మదిగా ఉంటుంది. ఫుకెట్ దగ్గర అండమాన్ సముద్రం మొదలవుతుంది. మే నుంచి అక్టోబర్ దాకా నైరుతి గాలికి అక్కడ ఊపు ఎక్కువ. మీరు ఏ నెలలో వెళ్తున్నారు? వాంతుల మాత్ర వికారం మొదలయ్యాక వేస్తే పెద్దగా లాభం లేదు, ముందే వేయాలి. ప్రోమెథజీన్ మాత్రలు మనవాళ్ళకి అలవాటే గానీ మగత వస్తుంది. బీపీ, షుగర్, ప్రోస్టేట్ మందులు వాడే పెద్దవాళ్ళు డాక్టర్ని అడగకుండా వేసుకోకూడదు. అల్లం నమిలినా కొందరికి సర్దుకుంటుంది. తల తిరిగితే కేబిన్‌లో పడుకోకుండా పైకొచ్చి దూరంగా నీళ్ళూ ఆకాశం కలిసే గీత వైపు చూడమనండి.

బైరాగిపట్టెడ_బుజ్జి
కేబిన్ సంగతి ఎవరూ మాట్లాడరేం? కిటికీ లేనిదే బెస్ట్. పడుకోడానికే గదా అది. మిగిలిన డబ్బుతో ఇంకో ట్రిప్ వేయొచ్చు.

గ్రీమ్స్‌పేట_రాధ
బుజ్జీ, నీ వయసుకి అది సరే. అరవై దాటినవాళ్ళకి కాదు. మధ్యాహ్నం అన్నం తిన్నాక ఒక కునుకు తీయాలి, లేచి కాళ్ళు చాపుకుని కూర్చోవాలి. కిటికీ లేని గదిలో లైటు ఆర్పితే పగలో రాత్రో తెలీదు. బాల్కనీ తీసుకోండి కిరణ్.

డల్లాస్_చిత్తూరోడు
రాధగారితో ఏకీభవించను. మా అమ్మానాన్న అమెరికా వచ్చినప్పుడు అలాస్కా తీసుకెళ్ళాం. అక్కడ బాల్కనీకి పెట్టిన ప్రతి పైసాకీ న్యాయం జరిగింది, గ్లేసియర్లు గుమ్మం ముందుకే వచ్చాయి. తర్వాత కరీబియన్‌కి కూడా బాల్కనీ తీసుకుంటే ఎండకి ఎవరూ తలుపు తీయలేదు. ఎక్కడికి వెళ్తున్నారన్నదాన్ని బట్టి తీసుకోవాలి. మలక్కాలో ఉక్కపోత. అయిదు నిమిషాల్లో అద్దాలకి ఆవిరి పడుతుంది.

చంద్రగిరి_మాస్టారు
బాల్కనీలో కూర్చునేది పొద్దున అయిదింటికి, సాయంత్రం ఆరింటికి నాయనా. మిట్టమధ్యాహ్నం కాదు. కిరణ్ నాన్నగారి ఈడువాణ్ణే నేను. నాలాంటివాడికి ఆ తలుపు లేకపోతే మీరు చెప్పే క్రూజ్‌లో సగం లేనట్టే.

కాళహస్తి_శాంతి
మధ్యలో ఒకటి ఉంది, ఎవరూ చెప్పలేదు. కింది డెక్కుల్లో, అంటే కింది అంతస్తుల్లో, తెరుచుకోని అద్దం కిటికీ ఉన్న గదులు. బాల్కనీ కంటే చవక. ఓడ నడిమి భాగంలో, కింది అంతస్తులో తీసుకుంటే ఊపు కూడా తక్కువ తెలుస్తుంది. ముందు కొసన, వెనక కొసన ఎక్కువ ఊగుతుంది.

నడిసంద్రం_నాని
శాంతిగారు చెప్పింది వినండి. ఇంకోటి, ఏ అంతస్తులో ఏముందో చూపించే ఓడ ప్లాన్ చూసి గది ఎంచుకోండి. పైన, కింద కేబిన్లే ఉన్న వరస తీసుకోవాలి. నెత్తిన పూల్ డెక్ పడితే తెల్లవారకముందే కుర్చీలు ఈడ్చే చప్పుడు. కింద థియేటర్ పడితే అర్ధరాత్రి దాకా డప్పులు. కిటికీ లేనిదే ఉంచుకుంటే టీవీలో ఓడ ముందు కెమెరా చానల్ పెట్టి సౌండ్ ఆపేయండి. రాత్రి బెడ్‌లైట్‌లా ఉంటుంది, తెల్లారితే గదిలోకి వెలుగొస్తుంది.

గోడలు ఇనుపరేకువి. అయస్కాంతం కొక్కేలు నాలుగు తీసుకుపోతే తడి తువ్వాళ్ళు, టోపీలు, మెడలో వేసుకునే కార్డులు తగిలించుకోవచ్చు. మన మూడు పిన్నుల ప్లగ్ చాలా ఓడల్లో పట్టదు, అడాప్టర్ తప్పనిసరి. అందరూ మొహమాటపడి అడగని విషయం కూడా చెప్పేస్తా. బాత్రూంలో హ్యాండ్ షవర్ గొట్టం ఉంటుందన్న నమ్మకం లేదు, చాలాచోట్ల కాగితమే. మడిచే ప్లాస్టిక్ మగ్గో, పిండితే నీళ్ళొచ్చే సీసానో పెట్టుకోండి. ఆ టాయిలెట్లు గాలితో లాగేవి. కాగితం తప్ప ఏం వేసినా ఒక వరస గదులన్నిటికీ బ్లాక్ అవుతుంది, రిపేరుకి వచ్చినవాడు ఎవరు వేశారో కనుక్కుంటాడు.

తోతాపురి
ఈ ఒక్క పోస్టు కోసమైనా ఈ చర్చ పైన పిన్ చేయాలి.

పుత్తూరు_పట్టాలు
సింగపూర్ చేరడం గురించి ఎవరూ మాట్లాడ్డం లేదు. ఓడ బయల్దేరే రోజు పొద్దున విమానం దిగేట్టు పెట్టుకోవద్దు. విమానం లేటైతే ఓడ మీ కోసం ఆగదు. ఒక రోజు ముందే వెళ్ళి రాత్రి సింగపూర్‌లో పడుకోండి. తిరుపతి నుంచి చెన్నై సప్తగిరి రైల్లో పోతారా, కారులో పోతారా మీ ఇష్టం. వర్షాకాలంలో అయితే పుత్తూరు, ఊత్తుకోట దారిలో రెండు గంటలు అదనంగా పెట్టుకోండి. వీసా ముఖ్యం. ఓడ దిగి మళ్ళీ సింగపూర్‌లోకే వస్తారు, కాబట్టి ఒకసారి కంటే ఎక్కువ ప్రవేశం ఉన్న వీసానో కాదో చూసుకోండి. పాస్‌పోర్ట్‌కి ఆరు నెలల గడువు ఉండాలి. మలేసియా, థాయ్‌లాండ్ నిబంధనలు ఊరికే మారుతుంటాయి, బయల్దేరే వారం ముందు మళ్ళీ చూడండి.

కొర్లగుంట_కిరణ్
వీసా చూశా, మల్టిపుల్ అనే ఉంది. అక్టోబర్ ఆఖర్లో వెళ్తున్నాం. కేబిన్లు కింది డెక్‌లో కిటికీవాటికి మార్చమని రాశా. నాన్న ప్రశ్న మాత్రం అట్లాగే ఉంది. "ఏం చేస్తాంరా అక్కడ?"

చంద్రగిరి_మాస్టారు
దీనికి నేను చెప్తాను. ముందు ఆయన్ని ఏదో ఒకటి చేయమని మీరు వెంటపడకండి. పిల్లలతో వచ్చే చిక్కు ఇదే. ఓడవాళ్ళు రోజూ రాత్రి ఒక కాగితం ఇస్తారు, ఇప్పుడు ఫోన్‌లో యాప్. రేపు ఏ గంటకి ఏముందో అంతా ఉంటుంది. దాన్ని పట్టుకుని మా అబ్బాయి తొమ్మిదింటికి క్విజ్, పదింటికి తువ్వాలుతో ఏనుగు చేయడం, పదకొండింటికి వంట చూడ్డం అని నన్ను తిప్పాడు. మరుసటి రోజు నేను రానన్నాను.

ఆయనకి ఓడ అంటే ఏమిటో చూపించండి. బయల్దేరేటప్పుడు పై డెక్కులో ఉండాలి. సింగపూర్ రేవు బయట లంగరేసిన ఓడలు లెక్కపెట్టలేం. పడమరకి తిరిగాక రాఫిల్స్ లైట్‌హౌస్ కనిపిస్తుంది, 1855 నాటిది. అక్కడే ఫిలిప్స్ చానల్, ఓడల దారి మూడు కిలోమీటర్ల లోపు వెడల్పుకి ఇరుకైపోతుంది. చైనా, జపాన్‌లకి పోయే చమురు ఓడలన్నీ మన పక్కనే వస్తాయి. రాత్రి ఎదురొచ్చే ఓడకి ఎడమ పక్క ఎర్ర దీపం, కుడి పక్క పచ్చ దీపం. అవి చూసి ఏ ఓడ ఎటు పోతోందో చెప్పొచ్చు. నాకు అందులో గంటలు గడిచిపోయాయి. టీవీలో మ్యాప్ చానల్ ఉంటుంది, వేగం నాట్లలో ఉంటుంది. ఒక నాట్ అంటే గంటకి 1.852 కిలోమీటర్లు, నాన్నగారు లెక్కల మనిషైతే దాంతో కాలక్షేపం. రేవు దగ్గరికి వచ్చినప్పుడు రేవులోకి దారి చూపే పైలట్ పడవ పక్కకొస్తుంది, ఆ పైలట్ తాడు నిచ్చెన పట్టుకుని నడుస్తున్న ఓడ ఎక్కుతాడు. అది చూడ్డానికి టికెట్ అక్కర్లేదు.

నడక అలవాటుంటే ప్రామినేడ్ డెక్ మీద, అంటే ఓడ పక్కన నడవడానికి వదిలిన దారిలో, తెల్లవారుజామున తిరగమనండి. గాలి కొడుతుంది, టోపీకి తాడు ఉండాలి.

పీలేరు_పిల్లోడు
మాస్టారూ, తువ్వాలుతో ఏనుగు వచ్చిందా?

చంద్రగిరి_మాస్టారు
ఎలుక వచ్చింది.

మదనపల్లె_మల్లి
ఆ దారి మా ఇంట్లో కొత్త కాదు. మా తాత పెనాంగ్‌లో ఒక చెట్టియార్ కొట్లో లెక్కలు రాసేవాడు. మద్రాసులో రజులా ఓడ ఎక్కి వెళ్ళేవాడట. ఆ ఓడ 1926లో కట్టింది, 1973 దాకా మద్రాసు, నాగపట్నం, పెనాంగ్, సింగపూర్ తిరిగింది. డెక్ టికెట్ అంటే చాప పరుచుకుని పడుకోవడమే. ఎండాకాలంలో అయితే కేబిన్‌వాళ్ళు కూడా పైకొచ్చి పడుకునేవాళ్ళని చెప్పేవాడు. తర్వాత వచ్చిన చిదంబరం ఓడలో 1985లో మంటలు లేచాయి, దాంతో ఆ ప్రయాణాలు ఆగిపోయాయి. కిరణ్, మీ నాన్నగారికి ఇది చెప్పండి. పెద్దవాళ్ళకి ఒడ్డు చేరడానికి ఓడెక్కినవాళ్ళ కథ తెలిస్తే ఆసక్తి వస్తుంది.

కొర్లగుంట_కిరణ్
మల్లిగారూ, ఇది నాన్నకి చదివి వినిపించా. "చెట్టియార్ కొట్టు ఏ వీధిలో" అని అడిగారు! మొదటిసారి ఆయన అడిగింది ఇదే.

మదనపల్లె_మల్లి
వీధి పేరు తెలీదు. కానీ పెనాంగ్‌లోని జార్జ్‌టౌన్‌లో లిటిల్ ఇండియా ఉంది, ఓడ ఆగే స్వెటెన్‌హామ్ పీర్ నుంచి నడిచి పోవచ్చు. క్వీన్ స్ట్రీట్‌లో మారియమ్మన్ గుడి, 1833లో కట్టింది. అమ్మగారికి పూజ, నాన్నగారికి చెట్టియార్ వీధి. ఇంకేం కావాలి. జార్జ్‌టౌన్ 2008 నుంచి యునెస్కో జాబితాలో ఉంది, పాత దుకాణాలు చాలావరకు అట్లాగే ఉన్నాయి.

డల్లాస్_చిత్తూరోడు
పెనాంగ్‌లో ఓడవాళ్ళ టూర్ దండగ అన్నమాట. కానీ ఫుకెట్‌లో నేనైతే ఓడవాళ్ళదే తీసుకుంటా. వాళ్ళ బస్సు లేటైతే ఓడ ఆగుతుంది, మన టాక్సీ లేటైతే ఆగదు.

పుత్తూరు_పట్టాలు
దానికోసం రెండింతలు కట్టాలా? బయట టాక్సీ మాట్లాడుకుని, రెండు గంటలు ముందే వెనక్కి రండి. వాట్ చలాంగ్ గుడి, పాత ఫుకెట్ టౌన్ చూసుకుని వచ్చేయొచ్చు.

డల్లాస్_చిత్తూరోడు
ఫుకెట్‌లో ట్రాఫిక్ చూశారా?

పుత్తూరు_పట్టాలు
తిరుపతిలో లీలామహల్ సర్కిల్ చూశాం, చాలదా.

నడిసంద్రం_నాని
ఇద్దరూ ఆగండి. ఫుకెట్‌లో అసలు ప్రమాదం ట్రాఫిక్ కాదు, గడియారం. థాయ్‌లాండ్ టైమ్ సింగపూర్ కంటే ఒక గంట వెనక. ఓడ మాత్రం చాలాసార్లు సింగపూర్ టైమ్ మీదే నడుస్తుంది. దిగగానే ఫోన్ తనంతట తాను థాయ్‌లాండ్ టైమ్‌కి మారిపోతుంది. అయిదింటికల్లా అందరూ ఓడలో ఉండాలి అంటే అది ఓడ టైమ్, అప్పుడు ఫోన్‌లో నాలుగే. చేతికి పాత వాచీ కట్టుకుని ఓడ టైమ్‌కి పెట్టుకోండి, దాన్ని ముట్టుకోవద్దు. గట్టున పరిగెత్తేవాళ్ళని డెక్ మీద నిలబడి మేం చూసేవాళ్ళం. కొందరు అందుకునేవాళ్ళు, కొందరు చేయి ఊపడం వరకే.

ఫుకెట్‌లో పటాంగ్ బీచ్ దగ్గర ఓడ దూరంగా ఆగితే చిన్న పడవల్లో ఒడ్డుకి తీసుకెళ్తారు. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకి ఆ ఎక్కడం దిగడం కష్టం. అలలుంటే అమ్మగారిని దింపకండి. ఊళ్ళో ఆగే రోజున ఓడ దాదాపు ఖాళీ, కుర్చీలన్నీ దొరుకుతాయి.

కొర్లగుంట_కిరణ్
గడియారం సంగతి ఏ వీడియోలోనూ చెప్పలేదు. థాంక్స్ అన్నా. ఖర్చుల గురించి కూడా చెప్పండి. టికెట్ కట్టేశాం, లోపల ఇంకేం కట్టాలి?

తోతాపురి
లోపల అన్నీ ఫ్రీ, డబ్బులు దిగేటప్పుడు అడుగుతారు.

గ్రీమ్స్‌పేట_రాధ
తోతాపురి చెప్పింది జోకే గానీ నిజం. అన్నీ ఓడవాళ్ళు ఇచ్చే కార్డు మీద రాసుకుంటారు, నోట్లు కనబడవు కాబట్టి ఖర్చు తెలీదు. రోజూ రాత్రి యాప్‌లోనో టీవీలోనో లెక్క చూసుకోండి. ఆఖరి రాత్రి కౌంటర్ దగ్గర క్యూ ఉంటుంది, తేడా ఉంటే ముందే చెప్పాలి. ఆ లెక్క కట్టుకోవడానికి మన కార్డు అడుగుతారు, డెబిట్ కార్డు ఇవ్వొద్దు. డిపాజిట్‌గా పట్టుకున్న డబ్బు వెనక్కి రావడానికి రోజులు పడుతుంది. క్రెడిట్ కార్డు ఇవ్వండి. ఇంకా, ఓడ కదలగానే ఫోన్‌ని ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి. నడిసముద్రంలో ఓడ టవర్‌కి కలిస్తే రోమింగ్ ప్యాక్ పనికిరాదు, బిల్లు వాచిపోతుంది. వైఫై కావాలంటే విడిగా కొనాలి.

బైరాగిపట్టెడ_బుజ్జి
టిప్పుల డబ్బు కూడా వేస్తారు. కౌంటర్‌కి వెళ్ళి తీసేయమంటే తీసేస్తారు కొన్ని కంపెనీల్లో. టికెట్ కట్టాక మళ్ళీ టిప్పేంది?

నడిసంద్రం_నాని
బుజ్జీ, దీనికి మాత్రం గట్టిగానే చెప్తా. చాలా కంపెనీల్లో అది మనిషికి రోజుకి 15 నుంచి 20 డాలర్ల మధ్య ఉంటుంది. అదేదో కెప్టెన్‌కి పోయేది కాదు. నీ గది ఊడ్చేవాడు, నీకు అన్నం పెట్టేవాడు, వంటింట్లో గిన్నెలు కడిగేవాడు పంచుకునేది. మాకు జీతంలో పెద్ద భాగం అదే. నెలల తరబడి ఒక్క రోజు సెలవు లేకుండా పనిచేసేవాళ్ళం. టికెట్ రేటు అంత తక్కువ ఉన్నది కూడా అందుకే. టికెట్ కొనేటప్పుడే ఆ డబ్బు కలుపుకుని లెక్క వేసుకో, అప్పుడు టిప్పనిపించదు.

బైరాగిపట్టెడ_బుజ్జి
అయితే కంపెనీనే జీతం ఇవ్వొచ్చు గదా. మనమెందుకు మోయాలి?

నడిసంద్రం_నాని
ఇవ్వాలి. ఇవ్వట్లేదు. నువ్వు తీసేస్తే కంపెనీ జేబులో చిల్లు పడదు, కుర్రాడి జేబులో పడుతుంది.

డల్లాస్_చిత్తూరోడు
నాని పాయింట్ కరెక్టే. బుజ్జి పాయింట్ కూడా కరెక్టే. రెండూ ఒకేసారి నిజం కావచ్చు. డ్రింక్స్ ప్యాకేజీ మాత్రం తీసుకోకండి కిరణ్, చాలాచోట్ల గదిలో పెద్దవాళ్ళందరికీ కలిపి కట్టాలంటారు. మామూలు నీళ్ళు, బఫేలో టీ, కాఫీ ఎలాగూ ఉచితం. కొళాయి నీళ్ళు తాగొచ్చు, సముద్రం నీళ్ళనే ఓడలో శుద్ధి చేస్తారు.

కాళహస్తి_శాంతి
ట్రావెల్ ఇన్సూరెన్స్ ఓడ ప్రయాణానికి కూడా వర్తించేది తీసుకోండి. ఓడలో డాక్టర్ ఉంటారు, కానీ ఫీజు డాలర్లలో. మన ఆరోగ్య బీమా కార్డు అక్కడ చూపిస్తే నవ్వుతారు. మందులు, చీటీ చేతి సంచిలోనే ఉంచండి, పెద్ద పెట్టెలో కాదు. పెట్టెలు రేవులోనే తీసుకుంటారు, గదికి వచ్చేసరికి సాయంత్రమవుతుంది.

చంద్రగిరి_మాస్టారు
ఎక్కగానే ఒక డ్రిల్ ఉంటుంది. అపాయం వస్తే ఎక్కడ గుమిగూడాలో చూపిస్తారు. ఏడు చిన్న కూతలు, ఒక పొడుగు కూత, అదే గుర్తు. ఇప్పుడు సగం ఫోన్‌లోనే చూపించి, ఆ చోటికి ఒకసారి వచ్చి పొమ్మంటారు. దాన్ని తప్పించుకోవద్దు. 2012 జనవరి 13న ఇటలీలో కోస్టా కాంకోర్డియా అనే క్రూజ్ ఓడ రాయికి గుద్దుకున్నప్పుడు ఆరోజే ఎక్కినవాళ్ళకి ఇంకా డ్రిల్ జరగలేదు. 32 మంది పోయారు. ఓడ కదిలే ముందు, లేదా కదిలిన వెంటనే డ్రిల్ అయిపోవాలని 2015 నుంచి నియమం వచ్చింది.

కొర్లగుంట_కిరణ్
అమ్మ ఇది చదవకుండా చూసుకుంటా.

గ్రీమ్స్‌పేట_రాధ
బట్టల సంగతి. లోపల ఏసీ బాగా చల్లగా ఉంటుంది, థియేటర్‌లో మరీ. శాలువా ఉండాలి. ఒక రాత్రి ఫార్మల్ నైట్ అంటారు. అమ్మగారికి పట్టుచీర, నాన్నగారికి పంచె, తెల్ల చొక్కా చాలు. కోటు కుట్టించకండి. మా మామగారు పంచెతో దిగితే ఫొటో కోసం క్యూ కట్టారు, హీరో అయిపోయారు. డైనింగ్ హాల్‌కి నిక్కర్లతో, రబ్బరు చెప్పులతో రానివ్వరు. బుజ్జీ, ఇది నీకు.

బైరాగిపట్టెడ_బుజ్జి
నా మీదే పడ్డారేంటి అందరూ.

తోతాపురి
దిగే రోజు గురించి ఒక్క మాట. ముందు రాత్రే పెట్టెలు గది బయట పెట్టమంటారు. మా బావ అన్నీ సర్దేసి బయట పెట్టేశాడు. అన్నీ అంటే అన్నీ. పొద్దున లుంగీతో సింగపూర్ ఇమిగ్రేషన్‌కి వెళ్ళాడు.

పీలేరు_పిల్లోడు
రానిచ్చారా?

తోతాపురి
వేలిముద్ర చూస్తారు గానీ లుంగీ చూడరంట.

నడిసంద్రం_నాని
పెట్టె తక్కువైతే మీరే మోసుకుని ముందు దిగిపోవచ్చు, బయట పెట్టాల్సిన పని లేదు. మధ్యాహ్నం విమానం ఉన్నవాళ్ళకి అదే మంచిది. కొన్ని ఓడల్లో పాస్‌పోర్టులు ఎక్కినప్పుడే తీసుకుని ఆఖర్లో ఇస్తారు, కంగారు పడొద్దు. ఫోన్‌లో ఫొటో తీసుకుని పెట్టుకోండి.

చిత్తూరు_సుజాత
ఆలస్యంగా వచ్చా. చెన్నై నుంచే ఓడలు ఉన్నాయి గదా, సింగపూర్ దాకా ఎందుకు? 2023లో శ్రీలంకకి మొదలైనట్టు పేపర్లో చూశా. విశాఖలో కూడా టెర్మినల్ కట్టారు.

పుత్తూరు_పట్టాలు
ఉన్నాయి, కానీ ఏడాదంతా ఉండవు. ఏ సీజన్‌లో ఏ రేవు నుంచి అన్నది మారుతూ ఉంటుంది. చెన్నై నుంచి దొరికితే మనకి విమానం ఖర్చు మిగులుతుంది, పొద్దున తిరుపతిలో బయల్దేరి మధ్యాహ్నానికి ఎక్కేయొచ్చు. వీకెండ్ ట్రిప్పుల్లో మాత్రం పార్టీ గోల ఎక్కువ. పెద్దవాళ్ళతో అయితే వారం మధ్యలో బయల్దేరేది చూసుకోండి.

కాళహస్తి_శాంతి
అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా బంగాళాఖాతంలో తుపాన్ల కాలం. ఆ నెలల్లో బుక్ చేస్తే క్యాన్సిల్ షరతులు చదివి చేయండి సుజాతా.

చిత్తూరు_సుజాత
జనవరిలో అయితే?

కాళహస్తి_శాంతి
అప్పటికి తుపాన్ల గోల చాలావరకు తగ్గుతుంది. మాత్ర మాత్రం మరవొద్దు.

కొర్లగుంట_కిరణ్
అప్‌డేట్. కేబిన్లు కింది డెక్‌లో కిటికీవాటికి మార్చారు, నడిమి భాగంలోనే, కొంచెం అదనం కట్టాం. నాన్న పెనాంగ్ మ్యాప్ ప్రింట్ తీయించుకున్నారు. అమ్మ మాత్రం సీల్ ఉన్న చెనక్కాయల పొడి ఎక్కడ దొరుకుతుందని అడుగుతోంది. తిరుపతిలో మంచిది ఎవరైనా చెప్పండి.

బైరాగిపట్టెడ_బుజ్జి
గాంధీ రోడ్డు దుకాణాల్లో చూడు. నాక్కూడా రెండు ప్యాకెట్లు.